బ్లేడు ఎత్తి నడిపిన చలికాలం

డిసెంబరు 15

ఇందుమూలంగా నాకు నేను తెలియజేసుకొనునది ఏమనగా, ఈ డైరీ బండి మరమ్మతుల నిమిత్తం మాత్రమే ప్రారంభింపబడినది. ఇందులో ఏడుపులకు తావు లేదు. ఏడవదలచినవారు వేరే పుస్తకం కొనుక్కోవలెను.

బండి: డీజిలు పికప్పు, ముందు మంచు తోసే ఉక్కు బ్లేడు. ముద్దుపేరు ముసల్ది. యజమాని మా అక్క టైనా. ఈ నెల మొదట్లో కిరాణా కొట్లో పాలడబ్బా అందుకోబోయి అలాగే కూలిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. అయినా యజమాని అనే రాశాను, ఎందుకంటే బండి కాగితాలు ఇంకా తన పేరు మీదే ఉన్నాయి. చట్టం ముఖ్యం.

డ్రైవరు: ఈరో అనబడు నేను. ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నాను, ఉద్యోగం ఇంకా పుచ్చుకోలేదు. అందుకని ఊళ్ళో అందరూ నన్ను ప్రొఫెసర్ అంటారు. గౌరవంతో కాదు.

పని: అక్క చేసిందంతా. ఊళ్ళో వాకిళ్ళు, చర్చి ఆవరణ, ఆపైన పాయింట్ రోడ్డు పట్టుకుని సరస్సు ఒడ్డుదాకా పోయి, అక్కడ ఒంటరిగా ఉండే మిసెస్ కోస్కి ఇంటి దారి. రోడ్డు మీది మంచు కౌంటీ వాళ్ళు తోస్తారు. రోడ్డు దిగి అడవిలోంచి ఆవిడ గుమ్మందాకా పోయే దారి మాత్రం మాది. ఆవిడకి ఊపిరితిత్తుల జబ్బు. గాలి యంత్రం నుంచి ముక్కులోకి గొట్టం, దానితోనే బతుకు. వారంలో మూడుసార్లు వెళ్ళి చూసుకునేది మా అమ్మే, ఆవిడ ఉద్యోగం అది. కనుక ఆ దారి మూసుకుపోకూడదు.

సమస్య: పాయింట్ రోడ్డు మీద ఇంజిన్ వేడెక్కుతోంది. కారణం తెలియరాలేదు.

డిసెంబరు 17

మెకానిక్ రూడీ షెడ్డుకి తీసుకెళ్ళాను. అక్క ఈ బండిని రూడీకి తప్ప ఎవరికీ చూపించేది కాదు. ఆయన కింద పడుకుని, బూట్లు మాత్రం బయట పెట్టి, నన్ను విచారించాడు.

"నీళ్ళు చూశావా?"

"చూశాను."

"ఫ్యాను క్లచ్చి పట్టుకుంటోందా?"

"పట్టుకుంటోంది."

"రేడియేటరు రెక్కల్లో ఉప్పూ మంచూ పేరుకుంటది. కడిగావా?"

"రెండుసార్లు."

"మరి కాలేజీలో ఏం నేర్పారు?"

"వేడెక్కితే వేడెక్కిందని గుర్తుపట్టడం నేర్పారు."

"మంచి కాలేజీ. ఫీజు వెనక్కి అడుగు."

బ్లేడు ఎలా పెట్టి తోలుతున్నావని ఆయన అడగలేదు. అడగలేదు కనుక చెప్పలేదు. థర్మోస్టాటు మార్చాడు. పాతది బాగానే ఉంది. కొత్తది కూడా బాగానే ఉంది.

డిసెంబరు 18

రేపు ఎవరైనా నన్ను అజ్ఞాని అనకుండా ఇక్కడ రాసి పెడుతున్నాను.

మంచు తోసే బండి ఒక చోటి నుంచి ఇంకో చోటికి వేగంగా పోయేటప్పుడు బ్లేడుని నిటారుగా పైకెత్తి ఉంచరాదు. ఉంచితే రేడియేటరు ముందు ఉక్కు తలుపు మూసినట్టే. గాలి తగలదు. బ్లేడుని రోడ్డుకి జానెడు ఎత్తులోకి దించి, కుడివైపుకి ఓరగా తిప్పి, నెమ్మదిగా పోవాలి. గడ్డకట్టే చలిలో బండి ముందరి జాలీ మీద కప్పే కాన్వాసు గుడ్డ ఉంటుందే, ఇంజిన్ త్వరగా వెచ్చబడడానికి, బ్లేడు తగిలించి ఉన్నప్పుడు దాన్ని విప్పెయ్యాలి. ఇంతే శాస్త్రం. ఇందులో కఠినమైనది ఏదీ లేదు.

ఇవాళ బ్లేడు నిటారుగా ఎత్తి, గుడ్డ కప్పి, అరవై మీద పోయాను.

డిసెంబరు 21

సరే. రాస్తాను. మరమ్మతు చరిత్రలో భాగంగా మాత్రమే.

మంచు తోసేవాళ్ళలో ఎవరైనా పోతే మిగిలినవాళ్ళందరూ బళ్ళకి బ్లేడ్లు నిటారుగా ఎత్తుకుని శవపెట్టె వెనక వస్తారు. టోపీ తీసినట్టన్నమాట. మా కీవినా ప్రాంతమంతటా ఇదే పద్ధతి. అక్క వెనక పంతొమ్మిది బళ్ళు వచ్చాయి, ముందు ముసల్ది, నేను తోలుతూ. పాయింట్ రోడ్డు మీద శ్మశానం దాకా. ఇక్కడ చలికాలంలో నేల తవ్వరు. నేల మెత్తబడేదాకా, అంటే మే నెల దాకా, పెట్టెలు గేటు పక్కనున్న రాతిగదిలో ఉంటాయి. అక్క అక్కడ ఉంది. తన కంటే ముందు ఇద్దరు ముసలివాళ్ళు వచ్చి ఉన్నారు. అక్కకి ముసలివాళ్ళతో బాగా పడేది.

అందరూ బ్లేడ్లు దించుకుని కాఫీకి వెనక్కి తిరిగారు. మంచు మొదలైంది కనుక నేను అటునుంచి అటే మిసెస్ కోస్కి దారి తోయడానికి ముందుకి పోయాను. బ్లేడు దించడం మరిచాను. కాసేపటికి ఇంజిన్ వేడి చూపే సూది ఎర్రగీత వైపు పాకింది. ఇంజిన్ మరిగిపోయేలా ఉంటే చేసే చిట్కా ఒకటుంది, హీటరు పూర్తిగా పెట్టెయ్యడం. ఇంజిన్ వేడి బండి లోపలికి వచ్చేస్తుంది, ఇంజిన్ కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. పెట్టాను. ఈ చలిలో డీజిలు ఇంజిన్ మామూలుగా సరిగ్గా వెచ్చబడనే వెచ్చబడదు, హీటరు పెడితే పిల్లి ఊపిరి తగిలినంత. కానీ ఆ రోజు కొలిమిలోంచి వచ్చినట్టు వచ్చింది గాలి.

దానితోపాటు అక్క వచ్చింది.

తడి ఉన్ని, తారు సబ్బు, అడుగున ఎక్కడో ఏలకులు. తన చేతితొడుగులు గాలి రంధ్రాల మీద ఆరేసి ఉన్నాయి, వాటిని ఆ రోజు నేను కదపలేదు. ఆ వేడికి మొత్తం బండి తన మెడ వంపులా వాసన వేసింది.

ఆ రోజు బ్లేడు దించడం మరిచిపోయాను. తర్వాతి రోజు మరిచిపోలేదు.

డిసెంబరు 24

అమ్మ అక్క గదిలో ఉన్నవన్నీ ఉతికేసింది. దుప్పట్లు, చొక్కాలు, టోపీలు, తెరలు. రెండు రోజులు యంత్రం తిరుగుతూనే ఉంది. వద్దని చెప్పేలోగా అన్నీ తీగ మీద గడ్డకట్టి అట్టముక్కల్లా నిలబడ్డాయి. ఆ చొక్కాలు చేతులు చాచి పెరట్లో నిలబడి ఉంటే చూడలేక ఆవిరి గదిలోకి పోయి కూర్చున్నాను. అక్కడ బల్ల మీద తారు సబ్బు ఉంది, పైను చెట్టు తారుతో చేసేది. అక్క సబ్బు. ఎండిపోయి పగిలిపోతుందని దానితోనే ఒళ్ళు రుద్దుకున్నాను. ఇకనుంచి రోజూ రుద్దుకోవాలి, సబ్బు సంరక్షణార్థం.

అమ్మ ముసల్దాన్ని ఉతకలేదు. అమ్మ ఆ బండి దగ్గరికే రాదు. వాకిట్లో ఉంటే పక్కదారిన పోతుంది. మంచిదే. ఈ ఇంట్లో ఉతకనిది అదొక్కటే.

జనవరి 3

వచ్చింది.

జనవరి 4

వచ్చింది. మిసెస్ కోస్కి ఇంటి మలుపు దాకా ఉంది.

జనవరి 6

మంచు పడలేదు. అయినా వెళ్ళాను.

జనవరి 9

పెట్రోలు బంకు దగ్గర కౌంటీ బండి తోలే డెల్ నా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. బయట ముక్కులో తడి గడ్డకట్టే చలి. నేను చేతుల్లేని బనీను మీద, చెమటతో, రెండు అద్దాలూ దించుకుని.

"ఏం ప్రొఫెసర్, ఆవిరి స్నానం బండిలోనే కానిచ్చేస్తున్నావా?"

"ఇంజిన్ కొంచెం వేడిగా ఉంది."

"గిన్నె పెడితే గుడ్లు ఉడుకుతయ్. టైనా చూస్తే నిన్ను బ్లేడుతో ఊడ్చేసేది."

"చూస్తూనే ఉంటుంది," అన్నాను.

డెల్ నవ్వలేదు. నేను కూడా ఆ మాట హాస్యానికే అన్నానని ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను.

జనవరి 12

శాస్త్రీయ పరిశీలన. వాసన అనేది ఆవిరైపోయే పదార్థం. ఎంత వేడి చేస్తే అంత త్వరగా అయిపోవాలి. కానీ ఇక్కడ తరగడం లేదు, రోజురోజుకీ పెరుగుతోంది. డిసెంబరులో ముక్కుతో వెతుక్కోవలసి వచ్చేది. ఇప్పుడు తలుపు తియ్యగానే పలకరిస్తోంది. నేను చదివిన పుస్తకాల్లో దీనికి సూత్రం లేదు.

ఇంకొకటి. సూది ఎప్పుడూ శ్మశానం గేటు దాటాకే ఎక్కుతుంది. అన్ని మైళ్ళు గాలి తగలకుండా నడిస్తే ఏ ఇంజినైనా అక్కడికే ఎక్కుతుంది అంటాడు నాలోని ఇంజనీరు. నాలోని రెండోవాడు గేటు రాగానే పక్క సీటు మీది సామాను తీసి వెనక పడేస్తాడు.

జనవరి 17

బండి ఆగింది. అమ్మ నడిచింది.

జనవరి 19

ఆ రెండు మాటలతో సరిపెడదామనుకున్నాను. సరిపోలేదు.

మిసెస్ కోస్కి మలుపుకి ఇంకా చాలా దూరం ఉండగా ముసల్ది మరిగింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచి అద్దం మీద పడి అక్కడే గడ్డకట్టింది. దిగి నిలబడ్డాను. అమ్మ కారు నా వెనకే ఆగింది. ఎప్పుడూ అంతే, నేను ముందు పోయి అడవి దారి తోసి ఉంచితే ఆవిడ కాసేపటికి వస్తుంది. దిగింది. బండిని చూసింది, ఎత్తిన బ్లేడుని చూసింది, నన్ను చూసింది. నా పక్కనుంచి కారు తిప్పుకుని మలుపు దాకా పోయి, అక్కడినుంచి సంచీ భుజాన వేసుకుని తొడల్లోతు మంచులో అడవి దారిన నడిచింది. మా అమ్మకి అరవై దాటాయి.

ఆవిడ చేరేసరికి మిసెస్ కోస్కి గొట్టంలో తడి పేరుకుని గాలి సన్నబడిపోయి ఉందట. పెదవులు నీలం. గొట్టం మార్చి కూర్చోబెట్టి వచ్చింది. సాయంత్రం భోజనం దగ్గర ఇదంతా వాతావరణం చెప్పినట్టు చెప్పి, "ఇంకో గంట ఆలస్యమైతే ఉండేది కాదు," అని రొట్టె కోసింది. ఏలకుల రొట్టె. నా వాటా రోజూ బండిలోకి పట్టుకెళ్ళి తింటాను. ఆ రోజు పట్టుకెళ్ళలేదు.

జనవరి 20

రూడీ ఇంజిన్ తెరిచాడు. ఇంజిన్ హెడ్డు కింద ఉండే గాస్కెట్ పొర కాలిపోయి ఉంది. చాలాసేపు నావైపు చూడకుండా గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"బ్లేడు ఎత్తి తోలుతున్నావు."

"ఎవరు చెప్పారు?"

"మా ఆవిడ. కిటికీలోంచి రోజూ చూస్తోంది. జెండా ఎత్తుకుని పోతున్నాడు పాపం, ఇంకా అక్క ఊరేగింపులోనే ఉన్నాడు అంటది. అలా ఎత్తితే మరుగుద్దని నీకు తెలియకనా?"

"తెలుసు."

"తెలిసే తోలావా?"

"తెలిసే."

ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగుంటే చెప్పేవాణ్ణి అనుకుంటాను. చెప్పేవాణ్ణి కాదు.

"గాస్కెట్ మారుస్తా," అన్నాడు. "ఇంకోసారి మరిగిందా, హెడ్డు పగులుద్ది. పగిలితే ముసల్ది ఇనుప సామానుకే. అప్పుడు కోస్కి గారి దారి ఎవరు తోస్తారో నువ్వే చూసుకో. నేను మాత్రం టైనాకి సమాధానం చెప్పలేను."

ఈ ఊళ్ళో అందరూ అక్కకి సమాధానం చెప్పుకుంటూనే ఉన్నారు. ఎవరూ ఆమెని అడగడం లేదు.

జనవరి 23

ప్రతిజ్ఞ. కాన్వాసు గుడ్డ విప్పి షెడ్డులో పడేశాను. బ్లేడు జానెడు ఎత్తులో, ఓరగా. ముప్పై అయిదు దాటలేదు. సూది మధ్యకి కూడా రాలేదు. మహా ఇంజనీరుగారి దిగ్విజయ యాత్ర.

బండిలో ఎవరూ లేరు.

జనవరి 24

ఎవరూ లేరు.

జనవరి 27

వెనక్కి వచ్చేటప్పుడు మాత్రమే. గేటు నుంచి ఊరి పొలిమేర దాకా మాత్రమే. సూది ఎర్రగీతకి వేలెడు దూరంలో ఉండగానే దించేశాను.

వచ్చింది. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావన్నట్టు వచ్చింది.

జనవరి 28

నిన్న రాసింది అబద్ధం. వెళ్ళేటప్పుడు కూడా.

ఫిబ్రవరి 2

ఇవాళ గేటు దగ్గర బండి ఆపాను. ఇంజిన్ వేడిగా, హీటరు పూర్తిగా, బ్లేడు నిటారుగా. రాతిగది తలుపు సగందాకా మంచులో ఉంది. లోపల సున్నాకి ఎంత కిందో. నేనేమో చెమటలు కక్కుతూ కూర్చున్నాను. అక్క రెండు చోట్లా ఎలా ఉంటుందని అడిగాను. పైకే అడిగాను. ఎవరైనా వింటే ప్రొఫెసర్ గారికి పిచ్చి ముదిరిందంటారు. కాసేపటికి ఫ్యాను గొంతు మారింది, ఎవరో ఊపిరి బిగబట్టి వదిలినట్టు. ఫ్యాను క్లచ్చి పట్టుకున్నప్పుడు అలాగే వస్తుంది చప్పుడు. నాకు తెలుసు. తెలిసి కూడా "చెప్పు" అన్నాను.

ఫిబ్రవరి 5

ఏమీ రాయను.

ఫిబ్రవరి 9

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను. హాస్యం తర్వాత.

నిన్నటినుంచి సరస్సు మీద గాలి. తెల్లవారేసరికి పాయింట్ అంతా కరెంటు పోయింది. కరెంటు లేకపోతే మిసెస్ కోస్కి గాలి యంత్రం ఆగిపోతుంది. ఆవిడ దగ్గర ఒక చిన్న సిలిండరు ఉంటుంది, జాగ్రత్తకి. అది మధ్యాహ్నం దాకా కూడా రాదు. ఆసుపత్రి బండి ఊరికి అవతల ఎక్కడో రోడ్డు పక్కకి జారి ఇరుక్కుంది. మా ఇంట్లో ఎప్పుడూ ఉండే పెద్ద సిలిండర్లు రెండూ అమ్మ దుప్పటిలో చుట్టి వాకిట్లోకి దొర్లించుకొచ్చింది. తన కారు మంచు కింద కనిపించడం లేదు.

ముసల్దాని తలుపు తీసి పట్టుకున్నాను. అమ్మ ఎక్కలేదు. మెట్టు మీద ఒక కాలు పెట్టి, ముఖం పక్కకి తిప్పుకుని, గుండెల నిండా గాలి పీల్చి బిగబట్టింది, నీళ్ళలోకి దూకేవాళ్ళు చేసినట్టు. అలా ఎక్కి కూర్చుంది. సిలిండర్లు మోకాళ్ళ మధ్య పెట్టుకుంది.

"చేరుస్తావా?" అంది.

"చేరుస్తాను."

"ఆవిరి లేపకుండా?"

"లేపకుండా."

బ్లేడు దించి ఓరగా తిప్పాను. దిబ్బ వస్తే పూర్తిగా దించి తోసి, మళ్ళీ జానెడు ఎత్తుకుని, ముప్పై మీద. బ్లేడు చెక్కిన పొడిమంచు ఎగిరి ముందు జాలీలో కూరుకుంటుంది, అది కూడా గాలిని ఆపుతుంది. అందుకని ప్రతి రెండు మైళ్ళకీ దిగి చీపురుతో దులిపాను. సూది మధ్యలోనే నిలబడింది. హీటరు లోంచి వచ్చే గాలి ఏ మాత్రం పనికిరాదు. అమ్మ చేతులు రంధ్రాల ముందు పెట్టి చూసి వెనక్కి తీసుకుంది. అక్క చేతితొడుగులు ఇచ్చాను. చూసింది, తొడుక్కోలేదు, ఒళ్ళో పెట్టుకుంది.

శ్మశానం గేటు వచ్చింది. వెళ్ళిపోయింది. అక్కడ అరవై మీద పోవాలని నా కాలు తహతహలాడింది. వేగంగా పోతే మధ్యాహ్నంలోపే చేరతాం కదా అని ఆ కాలికి మంచి సాకు కూడా దొరికింది. ముప్పై మీదే ఉంచాను. ఇంతకంటే గొప్ప పని నేను ఈ జన్మలో చెయ్యలేదు, దీనికి పతకం ఇచ్చేవాళ్ళు కూడా లేరు.

మిసెస్ కోస్కి కుర్చీలో నిటారుగా కూర్చుని, సిలిండరు ముల్లు వైపు చూస్తోంది. ముల్లు అడుగుకి ఆనింది. అమ్మ పెద్ద సిలిండరుకి గొట్టం మార్చింది. చాలాసేపటికి ముసలావిడ పెదవులకి రంగొచ్చింది. రాగానే మొదటి మాట నాతోనే.

"ప్రొఫెసరూ. నత్తలా వచ్చావు."

"నత్తలా వస్తేనే వస్తాను. వేగంగా వస్తే రాను."

"మీ అక్క కూడా ఇదే ముక్క చెప్పేది," అని కళ్ళు మూసుకుంది. "కాకపోతే అది చెబితే నవ్వొచ్చేది."

కరెంటు వచ్చేదాకా కూర్చున్నాం. ఎండ పడ్డాక బయలుదేరాం. గాలి ఆగింది. కౌంటీ వాళ్ళు రోడ్డు తోసేశారు. ఏ తొందరా లేదు. ఎవరి ప్రాణమూ నా సూది మీద లేదు. అప్పుడు అమ్మకి చెప్పాను. మొత్తం చెప్పాను. అందరి దగ్గరా దాచి, చివరికి ఈ డైరీలో కూడా సగమే రాసింది, ఆ రోడ్డు మీద మూడు ముక్కల్లో తేలిపోయింది. బ్లేడు ఎత్తితే వేడెక్కుతుంది, వేడెక్కితే అక్క వస్తుంది, నీకు కూడా చూపించాలని ఉంది.

అమ్మ రోడ్డు వైపే చూస్తోంది.

"ఎంతసేపు పడుతుంది?"

"గేటు దాకా."

"బండికి ఏమీ కాదు కదా?"

"ఎర్రగీత రాకముందే దించేస్తాను."

"సరే," అంది.

గుడ్డ ఇంటి దగ్గర షెడ్డులోనే ఉంది, బ్లేడు మాత్రం నిటారుగా ఎత్తాను. ముందు అద్దంలో సగం ఉక్కే. యాభై. అరవై. సూది కదిలింది. గేటు కనిపించేసరికి పైకి పాకింది. హీటరు పూర్తిగా తిప్పాను. కొలిమి గాలి. తడి ఉన్ని, తారు సబ్బు, ఏలకులు. ఎప్పటికంటే బలంగా. నా కళ్ళు మండాయి. అమ్మ వైపు చూడడానికి భయం వేసి చూడలేదు.

అమ్మ ముందుకి వంగింది. గాలి రంధ్రం దగ్గర ముఖం పెట్టి, పొద్దున బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలి, నెమ్మదిగా పీల్చింది. ఇంకోసారి పీల్చింది. వెనక్కి వాలింది.

"ఇది నీ వాసనరా," అంది.

నేను నవ్వాను. నాకు అలవాటైన పని అదొక్కటే.

"తారు సబ్బు, అమ్మా. అక్క సబ్బు."

"ఆ సబ్బు నీకోసం పెట్టాను, నువ్వు ఇంటికొస్తున్నావని. చిన్నప్పటినుంచి నువ్వు దానితో తప్ప స్నానం చెయ్యవు కదా. మీ అక్కకి ఆ తారు పడేది కాదు, ఒళ్ళంతా దద్దుర్లు లేచేవి."

"చేతితొడుగులు?"

"ఉతికాను. పెట్టె తీసుకెళ్ళే ముందురోజే ఉతికి ఇక్కడ పెట్టించాను, రూడీ చేత. నువ్వు వేసుకుంటావని. రెండు నెలలు వేసుకున్నావు."

"ఏలకులు?"

అమ్మ నా ఒళ్ళో చూసింది, సీటు సందుల్లో చూసింది. అక్కడ రొట్టె పొడి ఎంత ఉందో నేను రాయను.

"టైనా ఈ బండిలో హీటరు ఎప్పుడు పెట్టిందిరా?" అంది. "వెచ్చగా ఉంటే నిద్రొస్తుందని అద్దం దించుకుని తోలేది. చెవులు ఎర్రగా కమిలి వచ్చేవి ఇంటికి. నువ్వు చలికాలంలో ఎప్పుడైనా దానితో ఈ బండి ఎక్కావా?"

ఎక్కలేదు. అయిదు చలికాలాలు కాలేజీలో ఉన్నాను.

సూది ఎర్రగీత అంచుకి ఆనింది. అప్పుడు చూశాను. కాలు తీశాను, బ్లేడు దించాను, ఓరగా తిప్పాను. గాలి లోపలికి పోయిన చప్పుడు వినిపించింది. సూది కాసేపు మొండికేసి, తర్వాత దిగడం మొదలుపెట్టింది.

"ఇన్నాళ్ళూ ఈ బండి ఎందుకు ఎక్కలేదో తెలుసా," అంది అమ్మ. "దీనిలో ఇంకా ఉంటుందేమోనని. ఉంటే నావల్ల కాదని. పొద్దున ఎక్కేటప్పుడు ఊపిరి కూడా పీల్చలేదు." ఒళ్ళో తొడుగులు సర్దుకుంది. "లేదురా. వెతికాను. ఇక్కడ కూడా లేదు."

గేటు వెనక్కి పోయింది. మేం ఇద్దరం దాని వైపు తల తిప్పలేదు. హీటరు గాలి చల్లబడింది, తర్వాత మరీ చల్లబడింది. పిల్లి ఊపిరి. అమ్మ ఒళ్ళోంచి చేతితొడుగులు తీసి ఒకటి తను తొడుక్కుంది, రెండోది నాకిచ్చింది. తొడుగులేని చేతులు ఇద్దరం తొడల కింద పెట్టుకున్నాం, నేను బ్లేడు కదపవలసి వచ్చినప్పుడు తప్ప.

"అద్దం దించి తోలేదంటావా?" అన్నాను. "ఇలాంటి చలిలో?"

"ఇలాంటి చలిలోనే. ఒకసారి దాని కనుబొమల మీద మంచు పేరుకుంటే అలాగే వంటింట్లోకి వచ్చి నిలబడి, అమ్మా, నాన్నలా ఉన్నానా అంది. నాన్న పోయిన ఏడాది అది. నాకు ఏడవాలో కొట్టాలో తెలియలేదు."

నాకు ఈ సంగతి తెలియదు. నాకు తెలియనివి చాలా ఉన్నాయని అప్పుడే తెలిసింది. అక్క పోయిన రోజునుంచి అమ్మ ఆ పేరు పలకడం కూడా ఇవాళే వింటున్నాను.

"ఇంకా?" అన్నాను.

చెప్పింది. బ్లేడు జానెడు ఎత్తులో, ముప్పై మీద, ఆ రోడ్డుకి అంతే లేనట్టుంది. వెనక వచ్చిన డెల్ హారను కొట్టి కొట్టి దాటిపోయాడు. అక్క మొదటిసారి ఈ బండి తోలి చర్చి మెట్లు పడగొట్టడం, పాస్టరు దగ్గరికి పోయి మెట్లు ముందే పడిపోయి ఉన్నాయని వాదించడం, ఆయన నమ్మడం. కరెంటాఫీసులో ఒక అబ్బాయి, ఎవరికీ తెలియని అబ్బాయి. నన్ను కాలేజీలో దింపి వచ్చిన రోజు ఈ సీట్లోనే కూర్చుని దిగకుండా ఉండిపోవడం.

వాకిట్లో ఆపి ఇంజిన్ కట్టేశాను. అమ్మ దిగలేదు. లోపల చలి బయటి చలికి సమానమైపోయింది, మా ఇద్దరి ఊపిరీ అద్దం లోపలివైపు పూలుపూలుగా గడ్డకడుతోంది, ఇల్లు కనిపించడం మానేసింది, అమ్మ ఇంకా చెబుతూనే ఉంది.